నత్తి టేపు

ఇంకా గంట ఉందిలే, గంటంటే ఏమన్నా తక్కువా, గంటలో ఒక సంబంధం కుదురుతుంది, ఇంకొకటి చెడుతుంది, అనుకుంటూ పెద్దావిడ ఇనప కుర్చీలో వెనక్కి వాలబోయి, వాలలేక, మళ్ళీ నిటారుగా కూర్చుంది. గోడ గడియారం పది కొట్టింది. కొట్టబట్టి తెలిసింది గానీ ఆవిడ కళ్ళకి ఇప్పుడు రెండు ముళ్ళూ ఒక్కటే. ఆ కళ్ళ కోసమే బయల్దేరింది, పదకొండున్నరకి డాక్టరు రమ్మన్నాడు. దార్లో నా పనిచోట ఒక్క గంట ఆగుదాం అత్తయ్యా, మీరు ఊరికే కూర్చుంటే చాలు, అని కోడలు తీసుకొచ్చింది. ఊరికే కూర్చోవడం ఏమంత కష్టం? కష్టమేనని గదిలోకి అడుగు పెట్టగానే తెలిసింది, కళ్ళు చెప్పలేదు, ముక్కు చెప్పింది. వేడెక్కిన దుమ్ము, మిషను నూనె, నూనె పీల్చిన కాగితం, మూడూ కలిసిన వాసన. అది ఈ లోకంలో ఒక్క గదిలోనే ఉండేది. ఆ గది మూతబడి నలభై ఏడేళ్ళు. గోడవార నాలుగు బీరువాలు పక్కపక్కన నిలబెట్టినట్టు బూడిదరంగు లెక్కల యంత్రం, పాతకాలపు కంప్యూటరు, ఎడమ తలుపు మీద మోకాలి ఎత్తున సొట్ట. ఆ సొట్ట ఎవరు పెట్టారో ఆవిడకి తెలుసు. టీ గ్లాసుల పళ్ళెంతో కాలు జారి ఆ తలుపుకి గుద్దుకున్నది ఆవిడ మోకాలే. మోకాలు ఇప్పటికీ చలికి సలుపుతుంది, తలుపుకి సొట్ట ఇప్పటికీ ఉంది. ఓసి నీ దుంపతెగ, నువ్వా, అనుకుంది పెద్దావిడ, నువ్వింకా ఉన్నావా?

కోడలు పాత యంత్రాలకి వైద్యం చేస్తుందని తెలుసు. ఇంట్లో చాలాసార్లు విన్నదే, కొడుకు వెక్కిరిస్తూ ఉంటాడు, మనుషులు పాతబడితే పట్టించుకోరు గానీ ఇనుముకి బోలెడు సేవ, అని. అయితే ఆ ఇనుము ఈ ఇనుమని ఎవరనుకున్నారు? కోడలు యంత్రం వెనక సగం దూరి ఉంది, చెప్పులు మాత్రం కనిపిస్తున్నాయి. పక్కన మెకానిక్కు, బట్టతల మనిషి, స్క్రూడ్రైవరుతో చెవి గోక్కుంటూ నిలబడ్డాడు.

"పదకొండింటికి అధికారి వస్తాడమ్మా," అన్నాడు. "ఇవాళ గనక ఇది పలక్కపోతే మూత బిగించి గోదాముకి పంపిస్తానన్నాడు. అన్నాడంటే పంపిస్తాడు."

"తెలుసండీ బాబూ, పొద్దుట్నించి పదిసార్లు చెప్పారు," అంది కోడలి చెప్పుల జత. "యంత్రం బాగానే ఉంది. కరెంటు పారుతోంది. దీపాలు వెలుగుతున్నాయి. దీనికి భాషే ఎక్కట్లేదు. ప్రపంచం మొత్తం మీద ఈ భాష ఉన్నది ఈ ఒక్క టేపులోనే, ఆ టేపేమో తప్పుల తడక. ఎవత్తి కొట్టిందో గానీ చేతులకి దణ్ణం పెట్టాలి."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు పెద్దావిడ తన రెండు చేతులూ కొంగు కింద దాచేసుకుంది.

అప్పట్లో ఆ చేతులకి పద్దెనిమిదేళ్ళు. పొడుగాటి గది, పన్నెండు మిషన్లు, పన్నెండు మంది ఆడపిల్లలు, టకటకటకమని వాన రేకుల మీద పడ్డట్టు మోత, మిషను పక్కనించి వేలెడు వెడల్పు కాగితప్పట్టీ, అదే టేపు, చిల్లులు పొడిపించుకుంటూ బయటికి పాకేది. ఒక్కో అక్షరానికి ఒక్కో వరస, వరసకి అయిదు చిల్లుల చోటు, ఏ చోట పొడిస్తే ఏ అక్షరమో మిషనుకి తెలుసు, వేలికి తెలుసు, మనిషికి తెలియక్కర్లేదు. తెలియకే ఆవిడ ఆ ఉద్యోగం చేయగలిగింది, చదివింది అయిదో తరగతి, ఇంగ్లీషు అక్షరాలు బొమ్మల్లాగా నేర్చుకుంది, ఇది నిచ్చెన, ఇది కొక్కెం, ఇది గుండ్రం. పొడవగా రాలిన కాగితపు చుక్కలు జడలో ఇరుక్కుని ఇంటికి వచ్చేవి, దువ్వితే పోయేవి కావు, అందుకే గదిలో అందరూ చిల్లు అని పేరు పెట్టారు. ఏయ్ చిల్లూ, కథ చెప్పవే, అనేవాళ్ళు అన్నాల వేళ. కథ చెప్పమంటే ఆవిడకి అన్నం అక్కర్లేదు. అయితే ఒక్క షరతు, ఎవరో ఒకరు ఊ కొట్టాలి. ఊ కొట్టకపోతే కథ నడవదు, కుంటి గుర్రంలా నిలబడిపోతుంది, వింటున్నారో నిద్రపోతున్నారో తెలియనిదే ఎవరికని చెప్పాలి? ఆ మాట తలుపు దగ్గర నిలబడి మేష్టారు విన్నారు.

మేష్టారంటే బళ్ళో మేష్టారు కాదు, ఒకప్పుడు లెక్కలు చెప్పి ఆ తర్వాత యంత్రం కట్టిన మనిషి, చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్నులూ ఒక బిస్కెట్టూ. మిగతా యంత్రాలు ఎక్కడివో, వాటి భాషలూ ఎక్కడివో. మన యంత్రానికి మన మాట ఎందుకు రాకూడదు అన్నాడాయన. మామూలు మాటలు, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి, యంత్రానికి వచ్చిన అక్షరాలు అవే కాబట్టి. కూడు అంటే కూడుతుంది, తియ్యి అంటే తీసేస్తుంది, మళ్ళీ అంటే మొదటికొస్తుంది, చాలు అంటే ఆగుతుంది. కూడు అంటే అన్నం అనుకుంటుందేమో మేష్టారూ, పాపం ఆకలేసి కూర్చుంటుంది, అని చిల్లు అంటే ఆయన బిస్కెట్టు విరిచి సగం యంత్రం మీద పెట్టాడు. కథల సంగతి విన్న మర్నాడు ఆయన ఇంకో ముక్క కలిపాడు. నువ్వు చెప్పింది యంత్రానికి అర్థమైతే ఊ అంటుంది, కాకపోతే ఊహూ అంటుంది. ఇంక నువ్వెంతసేపైనా చెప్పుకోవచ్చు చిల్లూ, ఇది నిద్రపోదు, అన్నాడు. ఆ భాష మొత్తాన్ని యంత్రానికి ఎక్కించే పెద్ద టేపు, విప్పితే వీధి చివరిదాకా పోయే టేపు, దాన్ని కొట్టింది చిల్లే. పదకొండు రోజులు కొట్టింది. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆఫీసులో ఏం చేసేదానివమ్మా అని కొడుకు చిన్నప్పుడు అడిగితే కాగితాలు సర్దేదాన్ని అంది. అదే మాట కోడలికీ చెప్పాడు వాడు.

"ఇది వినండి," అంటోంది కోడలు, యంత్రం వెనక నించి బయటికొచ్చి, చెంప మీద మసి. "అంకెలు ఉండాల్సిన చోట అక్షరాలు వస్తున్నాయి. ఉన్నట్టుండి ఒక పంక్తిలో మూడంకెల తర్వాత అన్నీ అక్షరాలు. ఇంకో విడ్డూరం, అక్షరాల మీట ఎక్కడ కొట్టినా రెండేసిసార్లు కొట్టింది. ఒక్కసారి చాలదా? నత్తి నత్తిగా. నత్తి టేపు అని పేరు పెట్టాం దీనికి మేం."

"పాపం భయస్తురాలేమో," అన్నాడు మెకానిక్కు. "మా ఆవిడ గడియ వేసిందో లేదో అని రెండుసార్లు చూస్తుంది."

"భయం కాదు, నిర్లక్ష్యం."

నిర్లక్ష్యం. ఆ మాట కూడా పాతదే, ఇదే యంత్రం ముందు, ఆ పాత గదిలో, సూపర్వైజరు నోట్లోంచి వచ్చింది. పొట్టి మనిషి, గొంతు మాత్రం పొడుగు. చిల్లుకి ఒకటే లోపం, ఎంత తిట్టినా పోనిది. మిషను పై వరస మీటల్లో ఒక్కో మీటకి రెండు గుర్తులుంటాయి, కింద అక్షరం, పైన అంకె. అంకెల మీట నొక్కి కొడితే అంకెలు పడతాయి, మళ్ళీ అక్షరాలు కావాలంటే అక్షరాల మీట నొక్కాలి. అక్షరాల మీట నొక్కితే కాగితం మీద అయిదు చిల్లులూ పడతాయి. తప్పు కొడితే? రాసింది చెరపొచ్చు, పొడిచిన చిల్లుని పూడ్చలేం కదా, ఇంకా పొడవగలం అంతే. ఒక వరస వెనక్కి జరిపి, తప్పు మీద అయిదు చిల్లులూ పొడిచేస్తే ఆ వరస చచ్చినట్టు. కానీ అయిదు చిల్లులంటే అక్షరాల మీట కూడా అదే. అంచేత అంకెల మధ్యలో తప్పు చెరిపితే, వెంటనే అంకెల మీట మళ్ళీ నొక్కాలి, లేకపోతే యంత్రం అక్కణ్ణించి అంకెల్ని అక్షరాలుగా చదువుకుంటూ పోతుంది. పదకొండు మంది పిల్లలకి అది గుర్తుండేది. చిల్లుకి ఉండేది కాదు. తప్పు చెరిపాక మనసు తేలికపడేది, తేలికపడ్డ మనసుకి ఇంకో మీట ఎక్కడ గుర్తుంటుంది? తీసెయ్యండి దీన్ని, అయిదో తరగతి దాన్ని కూర్చోబెడితే ఇంతే, నిర్లక్ష్యం, అని సూపర్వైజరు అరిచిన రోజు చిల్లు సంచీ సర్దుకుంది. మేష్టారు స్క్రూడ్రైవరు అడిగాడు. ఈ అమ్మాయి వేలు మార్చడానికి ఆర్నెల్లు పడుతుంది, నా తీగ మార్చడానికి అరగంట, అన్నాడు. టేపు చదివే పెట్టె విప్పి ఏదో చేశాడు. ఇక నించి అయిదు చిల్లుల వరస ఒక్కటే వస్తే అది చెరిపిన తప్పు, యంత్రం దాన్ని దాటేసి ముందున్నట్టే చదువుతుంది. వెంట వెంట రెండొస్తేనే అక్షరాల మీట. అర్థమైందా అమ్మలూ, అక్షరాలు కావాలంటే రెండుసార్లు కొట్టండి, అన్నాడు. యంత్రం పుస్తకంలో రాయరా మేష్టారూ అని ఎవరో అడిగారు. రాస్తే ఎవరి కోసమో కూడా రాయాలి, ఎందుకులే, అన్నాడు.

ఆఫీసు మూసేసిన రోజు సూపర్వైజరు గుమ్మంలో ఆపి, నీ తప్పుల కోసం బంగారం లాంటి యంత్రాన్ని వంకర చేశాడు, అందుకే దీన్ని ఎవరూ కొనలేదు, అన్నాడు. నిజమో కాదో ఆ దేవుడికెరుక. ఇరవై రెండేళ్ళ పిల్ల కడుపులోకి దిగిన మాట, నిజమెంత అని బేరం ఆడదు కదా. నలభై ఏడేళ్ళు ఆ మాట చెప్పులో రాయిలా నడిచింది. నడిచినంత కాలం అనుకుంది, నేను లేకపోతే ఆ యంత్రం బతికేది.

"అత్తయ్యా, కాస్త ఇది పట్టుకుంటారా, జారిపోతోంది," అని కోడలు టేపు చుట్ట తెచ్చి ఒళ్ళో పెట్టేసింది. పెట్టి, కొత్తగా కట్టిన చదివే పెట్టె దగ్గరికి వెళ్ళిపోయింది. పాతది తుప్పు పట్టి పొడైపోయింది, పుస్తకంలో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే కొత్తది కట్టాం, అని మెకానిక్కు గర్వంగా చెబుతున్నాడు, పెద్దావిడ అడక్కపోయినా. పుస్తకంలో ఎలా ఉందో అలా. పుస్తకంలో లేనిది ఎలా కడతారు నాయనా?

ఒళ్ళో టేపు. నూనె కాగితం చల్లగా, చేప వీపులా. కొంగు కిందనించి చేతులు వాటంతటవే బయటికొచ్చాయి, బొటనవేలు టేపు కింద, చూపుడువేలు పైన, అలా జరుపుకుంటూ పోతే చిల్లులు వేలికి గింజల్లా తగిలాయి. కళ్ళు మసకేస్తే ఏం, ఈ చదువుకి కళ్ళక్కర్లేదు. ఇదిగో అంకెల మీట. ఇదిగో నాలుగు, ఇదిగో సున్నా. ఇదిగో అయిదు చిల్లులు, ఒక్క వరస. వేలు అక్కడ ఆగింది. ఇది మూడో రోజు కొట్టినది, ఆ రోజు కిటికీలోంచి ఎండ మొహం మీద పడుతోంది, పక్క పిల్ల నవ్వించింది, ఏడు కొట్టబోయి ఆరు కొట్టింది, చెరిపింది, అంకెల మీట మళ్ళీ నొక్కలేదు, నొక్కక్కర్లేదు కాబట్టి. ఇదిగో నా తప్పు. ఇదిగో ఇంకోటి. ఇక్కడ రెండు వరసలు, ఇది తప్పు కాదు, ఇది నిజంగా అక్షరాల మీట. నత్తి కాదే పిల్లా, నత్తి కాదు, మర్యాద.

చెబితే? కాగితాలు సర్దిన అత్తగారు కాస్తా తప్పుల తడక అత్తగారవుతుంది. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ అని సామెత ఉంది గానీ, అత్త కొట్టిన టేపు గురించి ఏ సామెతా లేదు. చెప్పకపోతే? గంటలో, కాదు, గడియారం అరగంట కూడా ఎప్పుడో కొట్టేసింది, ఇంకో పావుగంటలో మూత బిగిస్తారు. మేష్టారు ఎప్పుడో పోయాడు. ఆయన చేతి తీగ కూడా పొడైపోయింది. ఆ అరగంట పని ఇప్పుడు ఎక్కడుంది? యంత్రంలో లేదు, పుస్తకంలో లేదు, ఈ చూపుడువేలి కొసన ఉంది. తేలు కుట్టిన దొంగలా ఇంకెంతసేపే, అని తనని తనే తిట్టుకుని పెద్దావిడ గొంతు సవరించుకుంది.

"అమ్మాయ్."

"ఆకలేస్తోందా అత్తయ్యా? ఒక్క పది నిమిషాలు..."

"ఆకలి కాదు. ఆ ఎవత్తో అన్నావే, టేపు కొట్టినది. నేనే."

కోడలి చేతిలోని తీగ అలాగే గాల్లో ఉండిపోయింది. మెకానిక్కు చెవిలోంచి స్క్రూడ్రైవరు తీశాడు.

"మీరా? మీరు కాగితాలు సర్దేవారు కదా?"

"ఇవీ కాగితాలేగా. విను, మధ్యలో అడ్డురాకు, మళ్ళీ మర్చిపోతాను. అయిదు చిల్లులు ఒక్క వరసుంటే అది అక్షరాల మీట కాదు. నా తప్పు. దాన్ని దాటెయ్యమను. రెండు వరసలుంటేనే అక్షరాలు. మేష్టారు నా కోసం అలా మార్చాడు. పుస్తకంలో రాయలేదు, నా పరువు పోతుందని."

కోడలు వంగి, టేపు మీద అత్తగారి వేలు ఆగినచోట తన వేలు పెట్టింది. పెదాలు కదులుతున్నాయి, లెక్కపెడుతోంది.

"ఒక్కటి దాటెయ్యాలి. రెండైతే అక్షరాలు," అంది నెమ్మదిగా. "అత్తయ్యా, మూడు వారాలు! మూడు వారాల్నించి మీరు వంటింట్లో కూర్చుని నేను ఏడుస్తుంటే వింటున్నారు!"

"నువ్వు ఏ యంత్రమో చెప్పావా? సొట్ట ఉందని చెబితే మొదటిరోజే చెప్పేదాన్ని."

మెకానిక్కు పకపకా నవ్వాడు. కోడలు అప్పటికే బల్ల దగ్గర ఉంది. కొత్త పెట్టెకి కొత్త బుద్ధి చెప్పడానికి ఆరు నిమిషాలు పట్టింది. మేష్టారికి అరగంట పట్టింది, కాలం మారింది మరి. టేపు పెట్టెలోకి ఎక్కింది. చుట్ట తిరుగుతోంది, సర్రుమని కాగితం పోతోంది, పదకొండు రోజుల ఎండా నవ్వులూ తిట్లూ బిస్కెట్టు ముక్కలూ అన్నీ ఆ సన్నని దారిలో పరుగెడుతున్నాయి. మూడో రోజు తప్పు వచ్చింది, పోయింది, యంత్రం కన్ను కూడా ఆర్పలేదు. ఆరో రోజు జ్వరంతో కొట్టినది, అక్కడ తప్పులు చీమల బారులా ఉంటాయి, పోనీ అమ్మా పోనీ, దాటెయ్, నువ్వు దాటేదానివే ఎప్పుడూ, నన్నెప్పుడూ ఏమీ అనలేదు నువ్వు. పెద్దావిడ కుర్చీ అంచు గట్టిగా పట్టుకుంది, అందులో తనే కూర్చుని పోతున్నట్టు. టేపు తోక పెట్టెలోంచి జారి కింద పడింది. దీపాలు ఒక్కసారి అన్నీ ఆరి, ఒక్కసారి అన్నీ వెలిగాయి. యంత్రం మాటని కాగితం మీద కొట్టే టెలిప్రింటరు ఒళ్ళు విరుచుకుని టక్ టక్ మంది.

కోడలు వంగి చూసింది.

"తొంభై తొమ్మిది," అంది. "ఏదో తప్పు. తొంభై తొమ్మిదో నంబరు తప్పు. పుస్తకం, పుస్తకం ఇటివ్వండి."

అప్పుడే తలుపు తోసుకుని అధికారి లోపలికి వచ్చాడు, చేతిలో ఫైలు, గడియారం పదకొండు కొట్టడమూ ఆయన రావడమూ ఒకటే. మెకానిక్కు తల దించుకున్నాడు. పెద్దావిడ నవ్వడం మొదలుపెట్టింది. ముందు కడుపులో, తర్వాత భుజాల్లో, తర్వాత గదంతా. కోడలు బిత్తరపోయి చూసింది.

"పుస్తకం ఎందుకే పిచ్చిదానా," అంటూ కుర్చీలోంచి లేచింది, మోకాలు సలిపినా లేచింది. "తొమ్మిది మీట కింద ఏ అక్షరం ఉంది? గుండ్రం కదూ, మీ ఇంగ్లీషు ఓ? నిద్ర లేవగానే దీనికి ఒక్కసారి మతిమరుపు, ప్రింటరుకి అక్షరాలని చెప్పడం మర్చిపోతుంది. రోజూ పొద్దున్న నేనే చెప్పేదాన్ని." చెయ్యి చాపి, చూడకుండానే, టెలిప్రింటరు మీద అక్షరాల మీట నొక్కింది. "ఇప్పుడు మళ్ళీ అడుగు."

కోడలు ఖాళీ పంక్తి ఒకటి పంపింది. ప్రింటరు టక్ టక్ మని రెండు గుండ్రాలు కొట్టింది. పక్కపక్కన, కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తున్నట్టు.

"ఊ," అని పైకి చదివింది కోడలు. "ఊ అంటోంది అత్తయ్యా."

"మరి? వింటున్నానంటోంది."

అధికారి ఫైలు తెరవలేదు. ఇదేనా పలకదన్నారు, ఎలా పలికించారు, అని అడిగాడు. కోడలు మసి చెంప తుడుచుకుని, "మా అత్తయ్య తప్పుల వల్లండీ," అంది, మెడల్ మీద పేరు చదువుతున్నట్టు. "యంత్రం మేం బాగు చేశాం. భాష ఆవిడ తప్పుల్లో ఉంది."

నా తప్పుల్లో. నలభై ఏడేళ్ళ రాయి చెప్పులోంచి ఎప్పుడు జారిందో గానీ కాలు తేలిగ్గా ఉంది. నేను లేకపోతే బతికేదనుకున్నానే, నేను ఉండబట్టి బతికింది. వినిపిస్తోందా పొట్టి మహానుభావుడా, నువ్వెక్కడున్నా చెవులు రిక్కించి విను, అనుకుంటూ పెద్దావిడ టెలిప్రింటరు పక్కనున్న టేపు కొట్టే మిషను ముందు కూర్చుంది, ఎవరూ కూర్చోమనలేదు, ఎవరూ వద్దనలేదు. ఆఫీసు మూసి నలభై ఏడేళ్ళు, అప్పటికి తనకి ఇరవై రెండు. కూడు, అని కొట్టింది, అంకెల మీట, నాలుగు, ఆరు. అయ్యో ఆరు కాదు. వెనక్కి జరిపి అయిదు చిల్లులూ పొడిచి, ఏడు కొట్టి, ఇరవై రెండు కొట్టేసి పట్టీ చింపి ఇచ్చింది. కోడలు దాన్ని వెలుతురుకి ఎత్తి చూసి, పెదవి కొరుక్కుంది.

"మళ్ళీ మర్చిపోయారు. చెరిపాక అంకెల మీట."

"వేలు అదే కదే."

పట్టీ పెట్టెలోకి వెళ్ళింది. యంత్రం తప్పుని దాటేసి, అరవై తొమ్మిది అని కొట్టి, పంక్తి దింపి, ఇంకా చెప్పు అన్నట్టు, ఊ అంది.